పది నిమిషాల్లో పెద్దమాంసం వేపుడు పాడుచేయడం ఎలా?

పులుసు చెడగొట్టాలంటే ఓపిక కావాలి. చాలాసేపు ఉడికేది కాబట్టి మధ్యలో ఎవరో ఒకరు వచ్చి, గరిటెతో కాస్త అరచేతిలో వేసుకుని రుచి చూసి, ఉప్పో చింతపండో సర్ది దాన్ని బాగుచేసేస్తారు. వేపుడుకి ఆ భయం లేదు. అందులోనూ చైనావాళ్ళ పద్ధతిలో మాంసమూ కూరగాయలూ కలిపి గబగబా తిప్పేసే వేపుడుకి పొయ్యి మీద ఆయుష్షు మొత్తం పది నిమిషాలే. ఆలోగా ఏ అత్తగారూ వచ్చి కాపాడలేరు. ఒక ఆదివారం మధ్యాహ్నాన్ని నమ్మకంగా తగలెయ్యాలనుకునేవారికి ఇంతకంటే అనువైన వంటకం మరోటి లేదు. మాంసం పెద్దమాంసమైతే, ఊరు సఖినేటిపల్లి అయితే ఇక తిరుగే లేదు.

ఊరి సంగతి ముందు చెప్పుకోవాలి. వశిష్ఠ గోదావరికి ఇవతల సఖినేటిపల్లి, అవతల నరసాపురం. మధ్యలో రేవు, రేవులో పంటు. వంతెన మాట ఎప్పట్నుంచో వింటున్నదే. ఆదివారం చుట్టాలు వచ్చేది ఆ పంటు మీదే. 1836లో ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్ నడిపారు. వాళ్ళు నాటిన ఆదివారపు ఆరాధన ఈ రెండు ఒడ్డుల పేటల్లోనూ ఇప్పటికీ మధ్యాహ్నం దాకా సాగుతుంది. ఆరాధన అయ్యాక ఇంటికొచ్చిన మనిషికి ఆకలి ఉంటుంది, టైముండదు. పైగా చుట్టాలు రేవు దాటేస్తుంటారు. సరిగ్గా అప్పుడే ‘ఇయ్యాల కూరెందుకు, ఆ క్యాప్సికమ్ అదీ వేసి ఫ్రై కొట్టేద్దాం’ అన్న ఆలోచన పుడుతుంది. దాన్ని వెంటనే గట్టిగా పట్టుకోండి.

ఈ వంట మన ఊళ్ళలోకి రెండు దారుల్లో వచ్చింది. ఒకటి సాయంత్రం పూట రోడ్డు పక్కన మండే ఫాస్ట్‌ఫుడ్ బండి. రెండోది గల్ఫు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు నుంచి కువైట్‌కో, మస్కట్‌కో, దుబాయ్‌కో ఇంటిపనికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు లేని వీధి అరుదు. అక్కడ ఏళ్ళ తరబడి వంటచేసి వచ్చిన వదినో పిన్నో ఒకరు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. ఆవిడకి ఈ వంట వచ్చు. అందుకని మొట్టమొదట చేయాల్సింది, ఆ పూట ఆవిణ్ణి వంటింటి గడప దాటి లోపలికి రానివ్వకపోవడం. “నువ్వు కూర్చో వదినా, ఇయ్యాల నేను చేత్తాను” అనండి. ప్రేమగా అనండి. ఆవిడ కూర్చున్నంతసేపూ మన పథకం క్షేమం.

ఇక మాంసం కొట్టు. అక్కడ నోరు విప్పకూడదు. కొట్టు బాబాయ్ తనంతట తనే అడుగుతాడు:

“కూరకాండీ, వేపుడికాండీ?”

“ఏదో ఒకటి కొట్టెయ్ బాబాయ్. మావోళ్ళు పంటెక్కేశారంట.”

“ఆయ్.”

ఆ ఒక్క ‘ఆయ్’తో మీ పని సగం అయిపోయింది. ఇప్పుడాయన కాలి పిక్కలోంచి కొంతా, మెడలోంచి కొంతా, డొక్కలోంచి కొంతా ఎముకతో సహా కొట్టి తూకంలో వేస్తాడు. తప్పు ఆయనది కాదు. పులుసుకి అంతకంటే మంచి ముక్కలు లేవు మరి. జిగురూ నరమూ ఉన్న ఆ ముక్కలు రెండు గంటలు ఉడికితే గిన్నె నాకిస్తాయి. మీరు వాటిని మూడు నిమిషాలు వేయించబోతున్నారు. పొరపాటున కూడా “వేపుడికి బాబాయ్, వెన్ను కింద మెత్తటి కండ ఇయ్యి, లేకపోతే తొడ లోపలి కండ, ఎముకొద్దు” అనకండి. పట్నాల కొట్లలో అండర్‌కట్ అని అడుగుతారే, ఆ వెన్ను కింది కండ అన్నమాట. పశువు నడిచినా బరువు లాగినా దానికి పని తక్కువ, అందుకే అది అంత మెత్తన. పశువు మొత్తంలో అది ఉండేదే కొద్దిగా. పొద్దున్నే వెళ్ళి అడిగినవాళ్ళకి దొరుకుతుంది. మీరు పదకొండు దాటాక వెళ్ళండి.

ఆ పశువు ఏమిటో, ఎంత వయసుదో కూడా ఆలోచించొద్దు. ఆలోచిస్తే మనసు మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1977 నాటి చట్టం ఒకటుంది. గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం. దాని ప్రకారం ఆవునీ, దూడల్నీ కొయ్యకూడదు. ఎద్దుకైనా గేదెకైనా అధికారి సర్టిఫికెట్ కావాలి. ఆ పశువు దుక్కికీ పాడికీ ఈతకీ ఇక పనికిరాదని తేలితేనే ఆ కాగితం ఇస్తారు. అంటే చట్టం మాట చట్టంగా నడిస్తే మీ సంచిలోకి వచ్చేది పూర్తి సర్వీసు చేసి పదవీ విరమణ పొందిన గేదె. వయసు పెరిగేకొద్దీ పశువు కండల్లోని జిగురు పొరలు గట్టిపడతాయి. ఆ జిగురు కరిగి మెత్తబడాలంటే డెబ్బై డిగ్రీలు దాటిన తడి వేడిలో చాలాసేపు ఉండాలి, అదీ గంటల లెక్కన. మూడు నిమిషాల మంటకి జిగురు కరగదు. పైగా కండలు బిగుసుకుని ఉన్న కాస్త నీళ్ళూ బయటికి పిండేస్తాయి. అలా తయారయ్యే పదార్థాన్ని నమలడానికి దవడలు కావాలి, చుట్టాలు తెచ్చుకుంటారు.

మీరు ఫోన్లో చూసిన వీడియోలో అలా జరగలేదు కదా అంటారు. నిజమే. ఆ వీడియో తీసిన అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో వాళ్ళు కోసేది మాంసం కోసమే పెంచి, గింజలు మేపి కొవ్వు పట్టించిన కుర్ర పశువుని. దాని వయసు ఏడాదిన్నర, రెండేళ్ళు. గేదె మాంసానికి రంగు ముదురు, కొవ్వు తక్కువ. ఈ తేడా గుర్తుపెట్టుకున్నవాళ్ళు ముందు కుక్కర్లో ఉడికించి ఆ తర్వాత వేయిస్తారు, లేదా కైమా కొట్టించుకుంటారు. కైమా అయితే ఎంత ముదురు పశువుదైనా నిజంగానే పది నిమిషాల్లో వేగిపోతుంది, అందులో కూరగాయలూ బాగా కలుస్తాయి. అందుకే కైమా మాట ఎత్తకండి. వీడియోలో ఎలా ఉందో అలాగే చేస్తానని పంతం పట్టండి.

ఇప్పుడు కవరు దగ్గరికొద్దాం. నల్ల కవరు అడగండి. దాన్ని ఇంకో నల్ల కవర్లో పెట్టించి, పైన తోటకూర కట్ట కనబడేలా పెట్టుకోండి. దారిలో ఎవరైనా “ఏం కూరమ్మా ఇయ్యాల?” అంటే “మటనండి” అనండి. దీని ధర మటన్ ధరలో సగానికి లోపే. అయినా పేరు మాత్రం ఖరీదైనదే చెప్పాలి. ఈ అబద్ధానికి వంటతో ఏం సంబంధం అనుకోకండి, చాలా ఉంది. వేపుడు చెడటానికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. అమలాపురంలోనో నరసాపురంలోనో అద్దెకుంటూ, ఇంటివాళ్ళకి తెలిస్తే ఖాళీ చేయమంటారని భయపడుతూ వండేవాళ్ళని అడిగి చూడండి. ఒకసారి మటన్ అన్నాక వాసన కూడా మటన్‌దే రావాలి. అందుకని రెండు చెంచాల గరం మసాలా దట్టించాలి. పచ్చి మసాలా పొడి పెద్ద మంట మీద నిమిషంలో మాడి చేదెక్కుతుంది. మాడకుండా ఉండాలంటే మంట తగ్గించాలి. మంట తగ్గితే వేపుడు ఉడుకుడు అవుతుంది. వాసన పక్కింటికి పోకుండా కిటికీ మూయాలి, కిటికీ మూస్తే పొగ నిండుతుంది, పొగ నిండితే మంట ఇంకా తగ్గించాలి. సూయ్‌మని చప్పుడు రాకుండా పైన మూత పెట్టాలి. మూత పెట్టాక లోపల జరిగేది ఆవిరి పట్టడమే.

చైనావాళ్ళ పద్ధతికి కావలసినవి ఏమిటో చూడండి: పెద్ద మంట, పొగ, చప్పుడు, తెరిచిన మూకుడు. 1945లో అమెరికాలో బువెయ్ యాంగ్ చావ్ అనే వైద్యురాలి పేరుతో ఇంగ్లీషులో వచ్చిన చైనా వంటల పుస్తకమే ఈ పద్ధతికి ఇంగ్లీషులో పేరు పెట్టింది. చిన్న ముక్క, పెద్ద మంట, ఆగని గరిటె అన్న ముచ్చటే అందులోనూ ఉంది. ఎదుటివాళ్ళకి భయపడి దాచుకుని వండేవాడికి ఈ మూడింట్లో రెండు చేతికి అందవు. పులుసుని దాచి వండొచ్చు, మూతపెట్టి సన్నసెగ మీద అది ఎంతసేపైనా మూగగా ఉడుకుతుంది. వేపుడు దాగదు. పొరుగువాళ్ళ ముక్కు కోసం మన పొయ్యి తగ్గించుకోవాలన్న సంప్రదాయాన్ని మీరు నిష్ఠగా పాటించారంటే, మిగతా సలహాలేవీ చదవకపోయినా ఈ వేపుడు పాడవుతుంది. అయినా చదవండి, రాసేశాను కాబట్టి.

మాంసాన్ని కడగడం మనవాళ్ళకి బాగా తెలిసిన విద్య. ఐదారు నీళ్ళు మార్చి, చివరి నీళ్ళలో అలాగే నానబెట్టి, నీళ్ళోడుతున్న ముక్కల్ని నేరుగా మూకుట్లో వేయండి. ఒత్తడం, గుడ్డతో తడి అద్దడం లాంటి పనులు టైమ్ దండగ. ఇక కోత. కువైట్ వదిన అయితే కండని అరగంట డీప్‌ఫ్రీజర్లో పెట్టి, కాస్త గట్టిపడ్డాక, పోగులు ఎటు సాగుతున్నాయో చూసి వాటికి అడ్డంగా, పలచగా కోస్తుంది. అడ్డకోతలో పోగులు పొట్టివైపోతాయి. పళ్ళు చేయాల్సిన పనిలో సగం కత్తే చేసేస్తుంది. మీరు పోగుల వెంబడే నిలువుగా కోయండి. మన పెద్దవాళ్ళు ఎండబెట్టే తునకలకి ఉప్పూ పసుపూ రాసి దండెం మీద వేలాడదీయడానికి కండని అలా పొడుగ్గా సాగేలా కోసేవారు. వేలాడదీయడానికి నిలువుకోత మంచిదే. వేపుడులో అదే కోత పడితే ఒక ముక్క చివర నోట్లో ఉంటుంది, రెండో చివర కంచంలో ఉంటుంది. ముక్కలన్నీ ఒకే మందంలో ఉండకుండా కూడా జాగ్రత్తపడండి. కొన్ని మాడాలి, కొన్ని పచ్చిగా ఉండాలి, అప్పుడే ప్రతి ముద్దా ఒక అనుభవం. కత్తిపీట కడక్కుండా అదే కత్తిపీట మీద కీరదోసకాయ సలాడ్‌కి కోయడం మర్చిపోకండి. ఆ ఫలితం మర్నాటి దాకా ఉంటుంది.

మెత్తబడటానికి బొప్పాయి వేయమంటారు. మనూళ్ళో దొడ్డి గుమ్మం తీస్తే బొప్పాయి చెట్టే. పచ్చి బొప్పాయి పాలలో పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది మాంసంలోని ప్రోటీన్లని తెగ్గొడుతుంది. పైనుంచి పనిచేస్తుంది తప్ప లోపలికి ఎక్కువ దూరం పోదు. అందుకే పలచటి ముక్కలకి ఒక చెంచా గుజ్జు రాసి అరగంట ఉంచితే చాలు. మీరు శనివారం రాత్రే కాయలో సగం నూరి పట్టించి పడుకోండి. పొద్దుటికి ముక్క పైభాగం ముద్దైపోయి, లోపలిది ఎలా ఉన్నదో అలాగే ఉంటుంది. వంటసోడా ఇంకో దారి. అరకేజీ ముక్కలకి ముప్పావు చెంచా సోడా కాసిని నీళ్ళలో కలిపి పట్టించి, పావుగంటాగి కడిగేసి, తడి అద్ది వేయిస్తే కండ బిగుసుకోదు. ముదురు గేదె మాంసానికి కూడా ఇది కొంతవరకు పనిచేస్తుంది, చైనా హోటళ్ళలో మాంసం అంత సుతారంగా ఉండటానికి ఇదొక కారణం. మనకి కావలసింది సబ్బు రుచి కాబట్టి గుప్పెడు వేసి కడక్కుండా వదిలేయండి.

అల్లం వెల్లుల్లి ముద్ద, పెరుగు, కారం, ధనియాల పొడి, నిమ్మరసం అన్నీ కలిపి గట్టిగా పట్టించడం కూడా మంచి ఉపాయమే. తడి ముద్ద ఎంత ఎక్కువుంటే మూకుడు అంత త్వరగా చల్లబడుతుంది. కొంచెం సోయా సాసు, ఒక చెంచా మొక్కజొన్న పిండి, చెంచాడు నూనె కలిపి ఊరుకునేవాళ్ళ మాట వినొద్దు. పిండి పొర ముక్క చుట్టూ పట్టుకుని లోపలి తడిని కాపాడేస్తుంది.

మూకుడు దగ్గర అసలైన పనితనం చూపించాలి. అమ్మమ్మ కాలం నాటి ఇనుప మూకుడు అటక మీద ఉంటుంది, దాని జోలికి పోకండి. అది వేడిని పట్టి ఉంచుతుంది, చల్లటి మాంసం పడినా తొందరగా లొంగదు. పెళ్ళిలో కానుకగా వచ్చిన పలచటి నాన్‌స్టిక్ పాన్ తీయండి. నాన్‌స్టిక్ పూత 260 డిగ్రీలు దాటితే చెడిపోవడం మొదలవుతుంది, కాబట్టి దాన్ని ఖాళీగా పెద్ద మంట మీద పెట్టి మీరు ఫోను మాట్లాడటానికి వెళ్ళొచ్చు. వచ్చాక మంట సన్నగా చేసి, పాన్ చల్లారాక నూనె పోయండి. కొబ్బరినూనె ఎలాగూ పోయరు. కొబ్బరికాయలు ఇన్ని పండే సీమలో ఆ నూనె తలకి రాసుకోవడానికే తప్ప వంటకి కాదని మన పట్టుదల.

ఇప్పుడు కేజీ మాంసం మొత్తం ఒకేసారి వేయండి. ఈ ఒక్క పని చాలు. బండి మీది కుర్రాడు గుప్పెడేసి మాంసం వేస్తాడు, పైగా అతని బర్నరు మన ఇంటి గ్యాసు పొయ్యికి ఎన్నో రెట్లు వేడి ఇస్తుంది. ఇంటి పొయ్యి మీద కేజీ తడి మాంసం పడగానే పాన్ చల్లబడుతుంది, ముక్కలు నీరు వదులుతాయి, ఆ నీరంతా ఇగిరేదాకా గిన్నెలో వేడి వంద డిగ్రీలు దాటదు. ముక్క మీద గోధుమరంగు పట్టి ఆ కమ్మటి వేపుడు వాసన రావాలంటే దాదాపు 140 డిగ్రీలు కావాలి. మాంసంలోని ప్రోటీన్లూ చక్కెరలూ ఆ వేడిలో కలిసి కొత్త రుచులు పుట్టించే ఈ చర్యని మైయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1912లో వివరించాడు. మన పాన్‌లో ఆయనకి చోటు లేదు. బూడిదరంగు ముక్కలు నురగలో తేలుతుంటే గరిటెతో ఒకటే కలపండి. ముక్కని ఒక నిమిషం కదపకుండా వదిలితే ఒక పక్క ఎర్రగా కాలుతుంది, అలాంటి అవకాశం ఇవ్వకండి. కువైట్ వదిన ఇక్కడ తప్పకుండా లేచి వస్తుంది. “పావుకేజీ పావుకేజీగా వెయ్యవే, వేగింది పళ్ళెంలోకి తీసి మళ్ళీ వెయ్యి” అంటుంది. నవ్వి ఊరుకోండి. కువైట్‌లో ఆవిడ వండిన మాంసం ప్యాకెట్ మీద ‘ఇండియా’ అని ఉన్నా ఆశ్చర్యం లేదు. గేదె మాంసం ఎగుమతిలో మన దేశం ప్రపంచంలో ముందు వరసలోదే, గల్ఫుకీ వెళ్తుంది. అంటే ఇదే గేదెతోనే ఆవిడ అక్కడ ఈ వంట నేర్చుకుని ఉంటుంది. అయినా వినకండి.

కూరగాయల్లో నా ఓటు బీరకాయకి. క్యాప్సికమ్, క్యారెట్టు, బీన్సు, ఉల్లికాడలు వేసేవాళ్ళు వేస్తారు. అవి నీరు తక్కువ వదులుతాయి, పంటి కింద కరకరలాడతాయి. బీరకాయ అలా కాదు, ఉప్పు తగలగానే ఉన్నదంతా ఇచ్చేస్తుంది. పక్కన ఒక సొరకాయ ముక్క, రెండు టమాటాలు కూడా తోడిస్తే పాన్‌లో చిన్న కాలవ పారుతుంది. బెండకాయ వేస్తే జిగురు కూడా వస్తుంది. కోనసీమ కంద మీద ప్రేమ ఉన్నవాళ్ళు దాన్ని ఉడికించకుండా నేరుగా వేపుడులో వేసి చుట్టాల గొంతులు పరీక్షించవచ్చు. అన్ని కూరగాయల్నీ ఒకేసారి వేయండి. గట్టివి ముందు, మెత్తనివి తర్వాత, ఉల్లికాడలు దించేముందు అన్న వరస పెడితే ప్రతిదీ సరిగ్గా ఉడికే ప్రమాదముంది. మాంసాన్ని బయటికి తీసి, కూరగాయలు విడిగా తిప్పి, చివర్లో రెండూ కలిపే పద్ధతి మీద నాకు ప్రత్యేకంగా కోపం. అలా చేసినప్పుడల్లా వంట బాగుంది.

సాసుల గురించి ఎక్కువ చెప్పను. సోయా సాసులోనే బోలెడు ఉప్పుంది కాబట్టి విడిగా ఇంకో చెంచా ఉప్పు వేయండి. వెల్లుల్లి అన్నిటికంటే ముందు వేసి మాడ్చండి. రంగు చాలలేదనిపిస్తే టమాటా కెచప్ ఉండనే ఉంది.

కేరళవాళ్ళ సంగతి ఒకటి ఇక్కడ చెప్పకపోతే కొబ్బరి చెట్లకి కోపం వస్తుంది. ఎవరొచ్చినా కోనసీమని రెండో కేరళ అంటారు, మనమూ మురిసిపోతాం. ఆ మొదటి కేరళలో బీఫ్ ఉలర్తియదు అని ఒకటి చేస్తారు. ముందు మాంసాన్ని మసాలాతో మెత్తగా ఉడికిస్తారు. నీరంతా ఇగిరాక కొబ్బరి పలుకులు, కరివేపాకు, చిన్నుల్లి, మిరియాలు వేసి కొబ్బరినూనెలో నల్లబడేదాకా వేయిస్తారు. ముదురు పశువు మాంసానికి సరిపోయే తెలివి అది. ఉడకడానికి ఎంత టైమ్ కావాలో అంతా ఇచ్చి, వేపుడు మాత్రం త్వరగా ముగిస్తారు. శనివారం రాత్రే ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక పది నిమిషాల్లో వేపుడు నిజంగానే తయారవుతుంది, కూరగాయలు కూడా అప్పుడే పడతాయి. మనకీ గేదెలున్నాయి, కొబ్బరి ఉంది, కరివేపాకు ఉంది. అక్కడ అది హోటలు బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఇక్కడ రెండు నల్ల కవర్ల లోపల ఉంటుంది. ఈ ఒక్క తేడా వల్లే కొబ్బరి పలుకులు మన వేపుడు దాకా రాలేదని నా అనుమానం. మీరు మాత్రం వీడియోలో లేదు కాబట్టి కొబ్బరి వేయకండి.

ఇక టైమింగు. నరసాపురం రేవులో పంటెక్కామని ఫోను రాగానే పొయ్యి వెలిగించండి. అప్పటికి ఉల్లిపాయ ఒలిచి ఉండకూడదు, సోయా సాసు ఎక్కడుందో తెలిసి ఉండకూడదు. అన్నీ తరిగి, గిన్నెల్లో వరసగా పెట్టుకుని, చుట్టాలు కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాక మంట పెట్టేవాళ్ళుంటారు, వాళ్ళ వేపుడు పొగలు కక్కుతూ కంచంలోకి వస్తుంది. మనది వాళ్ళు రేవు దాటక ముందే దిగిపోవాలి. తర్వాత మూతపెట్టి, మూత మీద బరువు పెట్టి, వాళ్ళు ఆటో దొరికి ఇంటికొచ్చేదాకా సన్నసెగ మీద ఉంచండి. లోపలి ఆవిరికి క్యాప్సికమ్ చర్మం వదిలేస్తుంది, కొద్దోగొప్పో కరకరలాడేవేవైనా మిగిలి ఉంటే అవీ లొంగిపోతాయి.

ఇన్ని చేశాక కూడా చుట్టాలు మర్యాదస్తులు కాబట్టి “బాగుందండి” అంటారు. గోదావరి జిల్లాల్లో ఆ మాటకి విలువ కట్టకండి. కంచంలో అంచున పక్కకి నెట్టిన ముక్కలు లెక్కపెట్టండి. ఎవరూ చూడకుండా కువైట్ వదిన మొహం కూడా ఒకసారి చూడండి.

ఆఖరుగా ఒక సలహా ఉంది, ఇది మాత్రం నిజంగా పాటించండి. చుట్టాలు వెళ్ళాక మిగిలిన ఆ వేపుడు పారెయ్యకండి. క్యాప్సికమ్ తొక్కలు ఏరేసి, మిగతాది కుక్కర్లో వేసి, ముక్కలు మునిగేదాకా నీళ్ళు పోసి ఎనిమిది కూతలు రానివ్వండి. చూసి ఇంకా గట్టిగా ఉంటే మరో నాలుగు. మూత తీశాక గుప్పెడు గోంగూర, నాలుగు పచ్చిమిరపకాయలు వేసి దగ్గరపడనివ్వండి. ఉప్పు వేయకండి, సోయా సాసులో ఉన్నది చాలు. కిటికీ తెరిచే వండండి. రాత్రికి అన్నం మాత్రం కాస్త ఎక్కువ పెట్టుకోండి.